చలానా కట్టేశాక మిగిలే లెక్క

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

ముందు మీకో చిన్న పని. ఎప్పుడో ఒకప్పుడు చలానా పడినవాళ్ళు చేతులెత్తండి. అబ్బో! ఎత్తనివాళ్ళు బండి నడపనివాళ్ళయినా అయ్యుండాలి, పక్క కుర్చీలో భార్యో భర్తో కూర్చున్నవాళ్ళయినా అయ్యుండాలి. (నవ్వులు) ఆ చేతులు అలాగే ఉంచండి. చాలా చోట్ల ట్రాఫిక్ తప్పుకి జరిమానాతో పాటు లైసెన్సు మీద పాయింట్లు కూడా పడతాయి, అవి ఒక హద్దు చేరితే లైసెన్సుకే ముప్పు. ఈ రోజుకి మీ లైసెన్సు మీద సరిగ్గా ఎన్ని పాయింట్లున్నాయో చెప్పగలిగినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు దించేయండి. ఒకటి, రెండు, అదిగో అక్కడ మూడు. అంతేనా? బ్యాంకులో ఎంతుందో తెలుసు, ఫోనులో చార్జింగ్ ఎంతుందో తెలుసు, ఇది మాత్రం ఎవరికీ తెలియదు.

నేను లాయర్ని కాదు. లైసెన్సు మీద పాయింట్లు పేరుకుపోయినవాళ్ళకి శిక్షణ తరగతులు పెడతారు కదా, అలాంటి వాటిలో చాలాకాలం పాఠాలు చెప్పాను. సెలవురోజు పొద్దున్నే ముఖాలు మాడ్చుకుని కూర్చున్న ఇరవై మంది ముందు నిలబడి మాట్లాడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒకటే. "ఫైన్ కట్టేశాను కదండీ, మళ్ళీ ఇదేంటి?" ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆ మాట నేనూ అన్నవాణ్ణే. పాఠాలు చెప్పకముందు సంగతి. వంతెన దిగగానే స్పీడ్ లిమిట్ 80 నుంచి 60కి పడిపోయే చోట నేను 74లో దిగాను. వారం తిరగకుండా కవరొచ్చింది. చించాను, ఎంత కట్టాలో చూశాను, ఫోన్ తీసి కార్డు నంబరు కొట్టాను, కట్టేశాను. రెండు నిమిషాల పని. కాగితం ఉండచుట్టి బుట్టలో వేశాను. పీడ వదిలిందనుకున్నాను. పైగా గడువుకు ముందే కట్టానని కాస్త గర్వం కూడా.

ఏడు నెలల తర్వాత ఇంకోటి పడింది, ఈసారి సిగ్నల్ దగ్గర. ఆ రోజు కార్డు ఎక్కడో పెట్టి మర్చిపోయాను. అది వెతుక్కుంటూ ఆ కాగితాన్ని వెనక్కి తిప్పాను. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు పేరాలు. రెండో పేరాలో ఏముందంటే, జరిమానా చెల్లిస్తే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క, పాయింట్లు నమోదు చేస్తాం అని. మూడో పేరాలో, అర్హత ఉన్నవాళ్ళు పాయింట్లకు బదులు శిక్షణ తరగతికి వెళ్ళవచ్చు, అందుకు ఫలానా తేదీలోగా అడగాలి అని. మొదటి కాగితం మీదా ఇవే ఉండుంటాయి. అది ఎప్పుడో చెత్తబండి ఎక్కేసింది. ఆ ఏడాది ఇన్సూరెన్స్ రెన్యువల్ చూస్తే, ప్రీమియంలో పెరిగింది రెండు జరిమానాలూ కలిపినదానికంటే ఎక్కువ. పోనీ ఒక్క ఏడాదితో పోయిందా అంటే అదీ లేదు.

అందుకే చెబుతున్నాను. మనం శిక్ష అనుకునే జరిమానా నిజానికి శిక్షలో చిన్న ముక్క. పెద్ద ముక్క కట్టిన తర్వాత మొదలవుతుంది.

అసలు ఈ పాయింట్లు ఎందుకొచ్చాయి? జరిమానా ఒక్కటే ఉన్నప్పుడు, డబ్బున్నవాడికి అది రోడ్డు మీద స్పీడుగా వెళ్ళడానికి కట్టే టికెట్టులా తయారవుతుంది. లేనివాడికి అదే మొత్తం నెల బడ్జెట్ తలకిందులు చేస్తుంది. పాయింట్లకి ఆ తేడా లేదు. హద్దు పన్నెండు పాయింట్లంటే, జేబులో ఎంతున్నా పన్నెండే. రెండోది, ఎప్పుడో ఒకసారి పొరపాటు చేసినవాణ్ణీ, మాటిమాటికీ చేసేవాణ్ణీ వేరుచేసి చూడటానికి ఇదొక జల్లెడ.

లెక్క రెండు రకాలుగా ఉంటుంది. బ్రిటన్, జర్మనీ, జపాన్, అమెరికాలో చాలా రాష్ట్రాలు, వీళ్ళది కలుపుకుంటూ పోయే లెక్క. సున్నా దగ్గర మొదలై పైకెక్కుతుంది. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీలది కోసే లెక్క. ముందే చేతికి కొన్ని పాయింట్లిచ్చి, తప్పు చేసినప్పుడల్లా తీసేస్తారు. ఫ్రాన్సులో 12 ఇస్తారు, ఇటలీలో 20. ఇటలీవాళ్ళ పద్ధతి నాకు కాస్త ముచ్చటగా ఉంటుంది. పాయింట్లు పోగొట్టుకోకుండా ఉంటే రెండేళ్ళకోసారి ఇంకో 2 బహుమతిగా కలుపుతారు, అలా 30 దాకా వెళ్ళొచ్చు. తిట్టడంతో పాటు మెచ్చుకోవడం కూడా తెలిసిన చట్టం అరుదు.

ఫ్రాన్సులో ఈ పద్ధతి 1992 జులైలో వచ్చినప్పుడు లారీ డ్రైవర్లు హైవేలకి లారీలు అడ్డంపెట్టి దేశాన్ని రోజుల తరబడి ఆపేశారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. వారానికోసారి బండి తీసేవాడికీ, రోజంతా స్టీరింగ్ మీద బతికేవాడికీ ఒకే 12 అంటే, రెండోవాడు ముందు ఖాళీ అవుతాడు. పైగా మొదటివాడికి పోయేది లైసెన్సు, రెండోవాడికి పోయేది బతుకుతెరువు.

హైదరాబాద్‌లోనూ 2017 ఆగస్టులో పాయింట్ల పద్ధతి ప్రకటించారు, 24 నెలల్లో 12 చేరితే ఏడాది సస్పెన్షన్ అని.

ఇక్కడొక పొరపాటు జరుగుతుంటుంది. "మావాడికి ఒక్క పాయింటే పడింది, నీకు మూడా!" అని పోల్చుకుంటారు. అంకెలు పోల్చుకోకూడదండీ. బ్రిటన్‌లో మామూలు ఓవర్ స్పీడుకి కనీసం 3. కాలిఫోర్నియాలో 1. కానీ బ్రిటన్‌లో హద్దు 12. కాలిఫోర్నియాలో ఏడాదిలో 4 అయితే చర్య మొదలవుతుంది. కాబట్టి రెండింటి బరువూ ఒకటే, హద్దులో పావు వంతు.

ఇంకో సంగతి, బంధువుల సలహా పాతబడిపోయి ఉండొచ్చు. జర్మనీలో దేశం మొత్తం డ్రైవర్ల పాయింట్ల ఖాతా ఫ్లెన్స్‌బర్గ్ అనే ఒక్క ఊళ్ళో ఉంటుంది. అక్కడివాళ్ళు ఆ ఊరి పేరే పాయింట్లకి పర్యాయపదంగా వాడతారు. ఒకప్పుడు 18 అయితే లైసెన్సు పోయేది. 2014 మే 1 నుంచి 8కే పోతోంది. పాయింట్లు వేసే తీరు కూడా మార్చారనుకోండి. అయినా పాత లెక్క మనసులో పెట్టుకుని "నాకింకా పది దాకా ఉన్నాయి" అని తిరిగేవాడి పరిస్థితి ఆలోచించండి. మీరుండే చోట ఈ ఏడాది అంకె ఏమిటో లైసెన్సు ఇచ్చిన ఆఫీసు సైటులో మీరే చూసుకోండి. నా మాట కూడా నమ్మొద్దు.

ఇప్పుడు అంకెల కంటే ముఖ్యమైనదానికి వస్తాను. తేదీలు.

ఒక చలానాకి తేదీ ఒకటి కాదు. తప్పు జరిగిన రోజు ఒకటి. మీరు కట్టిన రోజు, లేదా కోర్టు తేల్చిన రోజు ఇంకొకటి. రికార్డులోకి ఎక్కిన రోజు మరొకటి. మీ గడియారం వీటిలో ఏ రోజు నుంచి నడుస్తుందో తెలియకపోతే మీ లెక్కంతా తప్పుతుంది. బ్రిటన్‌లో 12 పాయింట్ల లెక్కకి తప్పు జరిగిన రోజే ఆధారం. ఒక తప్పుకీ ఇంకో తప్పుకీ మధ్య మూడేళ్ళు దాటితే ఆ రెండూ కలవవు. మా తరగతికొచ్చిన ఒకాయన దీన్ని తిరగేసి అర్థం చేసుకున్నాడు. కేసుని వాయిదాల మీద వాయిదాలు లాగితే పాత పాయింట్లు ఈలోగా చచ్చిపోతాయి కదా అని ఆయన ప్లాన్. తప్పు జరిగిన రోజు లెక్కలోకి తీసుకునే చోట కేసు పదేళ్ళు లాగినా ఆ రోజు కదలదు.

అదే బ్రిటన్‌లో మూడేళ్ళ తర్వాత లెక్కలోంచి పోయిన పాయింటు, రికార్డు మీద మాత్రం మామూలుగా నాలుగేళ్ళ దాకా కనిపిస్తూనే ఉంటుంది. తాగి నడిపిన కేసైతే పదకొండేళ్ళు. అంటే ఉండటం వేరు, లెక్కకి రావడం వేరు. ఇంకా తమాషా ఏంటంటే, అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా గత ఐదేళ్ళలో ఏమైనా పడ్డాయా అని అడుగుతాయి. లైసెన్సు మర్చిపోయినా ప్రీమియం మర్చిపోదు.

జపాన్‌లో ఇంకో తీరు. ఏడాదిపాటు ఏ తప్పూ చేయకుండా గడిపితే అంతకుముందు పాయింట్లు ఇక లెక్కలోకి రావు. అలాంటి చోట పదకొండో నెలలో చేసిన చిన్న తప్పుకి మామూలు కంటే బరువెక్కువ. అందుకే నా తరగతిలో అందరి చేతా ఫోన్ తీయించి, పాత పాయింటు ఏ రోజున లెక్కలోంచి పోతుందో క్యాలెండర్‌లో పెట్టించేవాణ్ణి. పుట్టినరోజులకి పెట్టుకుంటాం, దీనికి పెట్టుకుంటే తప్పేముంది?

తేదీల విషయంలోనే కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లల సంగతి చెప్పాలి. ఇళ్ళల్లో ఎవరూ గమనించని చోటు ఇదే. మన హద్దు, వాళ్ళ హద్దు ఒకటి కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పూర్తి లైసెన్సు ఉన్నవాళ్ళకి మూడేళ్ళలో 13 దాకా హద్దు. మొదటి దశ ప్రొవిజనల్ లైసెన్సు పిల్లలకి 4. బ్రిటన్‌లో లైసెన్సు వచ్చిన రెండేళ్ళలోపు 6 పడితే లైసెన్సు రద్దు. సస్పెండ్ కాదండీ, రద్దు. మళ్ళీ లెర్నర్‌గా మొదలుపెట్టి, థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష అన్నీ తిరిగి రాయాలి. అక్కడ స్టీరింగ్ ముందు కూర్చుని ఫోన్ చేత్తో పట్టుకుంటే ఎన్నో తెలుసా? 2017 నుంచి 6. సిగ్నల్ దగ్గర ఆగి ఒక్క మెసేజ్ చూస్తే చాలు, మొదటినుంచీ మళ్ళీ.

సరే, కవరు వచ్చిందనుకుందాం. ఏం చేయాలి?

ఆ రోజు కట్టొద్దు. ఎగ్గొట్టమని కాదు, ఆ రోజు కట్టొద్దంటున్నాను. గడువు ఉంటుంది, ఆ గడువు ఆలోచించుకోమని ఇచ్చిందే. కాగితాన్ని రెండు వైపులా ఫోటో తీయండి. తర్వాత తీరిగ్గా చదవండి. నాకు ఈ పని చేయించడానికి తరగతిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరి చలానా వాళ్ళ చేతికిచ్చి, కట్టాల్సింది ఎంతో చూడకుండా మిగతావన్నీ చదవమనేవాణ్ణి. బండి నంబరు మీదేనా? ఒక అక్షరం తేడా ఉందా? తేదీ, టైము, ఆ టైముకి మీరు నిజంగా ఆ రోడ్డు మీద ఉన్నారా? అమ్మేసిన బండా? ఏ సెక్షను కింద రాశారు? ఆ సెక్షనుకి పాయింట్లు ఉన్నాయా, లేవా? చాలా చోట్ల పార్కింగ్ తప్పులకి పాయింట్లుండవు. ఆ కాగితం చేతికొస్తే మాత్రం సంతోషంగా కట్టేయండి. బండి కదులుతుండగా చేసిన తప్పు అయితేనే ఆగి ఆలోచించాలి.

ఒకసారి ఒకావిడ చలానా మీద రోడ్డు పేరు సరిగ్గానే ఉంది, కానీ వెళ్ళే దిక్కు తిరగేసి రాశారు. ఆవిడ మూడు వారాలుగా ఆ కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది, చూడలేదు. అంతమాత్రాన కేసు ఎగిరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. చిన్న అక్షర దోషాలని చాలా కోర్టులు పట్టించుకోవు, దిద్దుకోమంటాయి. కానీ మీ ప్రశ్న ఎక్కడ మొదలవ్వాలో అది చూపిస్తుంది.

ఆ తర్వాత మీ ముందు ఉండే దారులు మూడో నాలుగో. ఒప్పుకుని కట్టడం. శిక్షణ తరగతి. వాదించడం. కొన్ని చోట్ల, తప్పు ఒప్పుకుంటూనే పరిస్థితి వివరించి తగ్గించమని అడగడం. ఇంకో దారి కూడా ఉంది, జనం ఎక్కువగా పట్టేది అదే: కవరు టీవీ స్టాండు మీద పెట్టి మర్చిపోవడం. అది చేయకండి. కోర్టుకి రమ్మన్న రోజు వెళ్ళకపోయినా, గడువు దాటినా, అసలు తప్పుకి లేని శిక్ష దీనికి పడుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జవాబివ్వనందుకే లైసెన్సు సస్పెండ్ చేయగలరు. ఆ సంగతి తెలియకుండా మీరు బండి తీస్తే, సస్పెండైన లైసెన్సుతో నడిపిన నేరం. స్పీడు టికెట్టు చిన్న తప్పు, ఇది క్రిమినల్ కేసు దాకా పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

వాదించడం గురించి. సినిమాల్లో చూసి అందరికీ వాదించాలనే ఉంటుంది. (నవ్వులు) "అందరూ అదే స్పీడులో వెళ్తున్నారు" అనేది వాదన కాదు, అది కూడా తప్పు ఒప్పుకోవడమే. "అర్జెంటు పని" కూడా అంతే. బోర్డు చెట్టుకొమ్మల వెనక దాక్కుందంటే, ఆ రోజే తీసిన ఫోటో ఉంటే, అది వాదన. ఆ సమయానికి బండి రిపేరుకిచ్చి ఉంటే, బిల్లు ఉంటే, అది వాదన. ఏమీ లేకుండా కోర్టుకెళ్ళి ఓడిపోతే కొన్ని చోట్ల ఖర్చులు కూడా మీద పడతాయి.

వాదించడమూ కాదు, కట్టేయడమూ కాదు, మధ్యలో ఒకటుంది. అమెరికాలో చాలా కోర్టుల్లో ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి, పాయింట్లున్న ఆరోపణని పాయింట్లు లేని దానికి మార్పించుకోవడం కుదురుతుంది. జరిమానా కొంచెం పెరగొచ్చు. మా తరగతికొచ్చినవాళ్ళు ఇది విని ముందు మొహం చిట్లించేవాళ్ళు, ఎక్కువ కట్టడమేంటని. రెండు మూడేళ్ళ ప్రీమియం పక్కన పెట్టి లెక్క వేయిస్తే అప్పుడు నోరు మూసుకునేవాళ్ళు.

ఇక శిక్షణ తరగతి. నా పొట్ట నింపింది కాబట్టి పొగుడుతున్నాననుకోకండి. దొరికితే వదలొద్దు. కానీ ఏ ఊళ్ళో తరగతి ఏం చేస్తుందో తెలుసుకుని వెళ్ళండి, ఎందుకంటే మాట ఒకటే, పని వేరు. బ్రిటన్‌లో ఓవర్ స్పీడు తరగతికి వెళ్తే ఆ పాయింట్లు అసలు పడవు. మూడేళ్ళలో ఒక్కసారే ఆ అవకాశం. కాలిఫోర్నియాలో ట్రాఫిక్ స్కూలు పూర్తిచేస్తే పాయింటు పడకుండా ఆ రికార్డుని గోప్యంగా ఉంచుతారు, ఇన్సూరెన్స్ వాళ్ళకి కనపడదు. పద్దెనిమిది నెలలకోసారి. జరిమానా ఎలాగూ కట్టాల్సిందే. గడువులోగా పూర్తిచేయకపోతే పాయింటు మళ్ళీ బయటికొస్తుంది. న్యూయార్క్‌లో అయితే తరగతి వల్ల లెక్కలోంచి 4 దాకా తగ్గుతాయి, కానీ తప్పు రికార్డు మీద అలాగే ఉంటుంది. ముందే తరగతికెళ్ళి, రేపు పడబోయేవాటికి దాచుకుందామంటే కుదరదు. దానికి బదులు ఇంకో లాభం ఉంది, తరగతి పూర్తిచేసినవాళ్ళకి ఇన్సూరెన్స్‌లో మూడేళ్ళపాటు 10 శాతం తగ్గింపు. జర్మనీలో 5 పాయింట్లు దాటకముందే సెమినార్‌కి వెళ్తే 1 తగ్గుతుంది, ఐదేళ్ళకోసారి. 6 అయ్యాక వెళ్ళినా తగ్గదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని అక్కడ రూల్లోనే రాసిపెట్టారు.

తగ్గాయి, పడలేదు, కనపడవు. ఈ మూడు మాటల మధ్య తేడా అడిగి తెలుసుకోండి. లైసెన్సు ఆఫీసు పుస్తకం వేరు, కోర్టు పుస్తకం వేరు, ఇన్సూరెన్స్ కంపెనీ పుస్తకం వేరు. ఒకదాంట్లో కొట్టేసింది ఇంకోదాంట్లో ఉండొచ్చు. ఇన్సూరెన్స్ ఫారంలో "గత ఇన్నేళ్ళలో ఏమైనా ఉల్లంఘనలున్నాయా" అని అడిగితే, మీ లైసెన్సు శుభ్రంగా ఉంది కదా అని కళ్ళు మూసుకుని "లేవు" కొట్టకండి. అడిగిన ప్రశ్నకి జవాబివ్వండి. దాచిపెట్టి ప్రీమియంలో కాస్త మిగుల్చుకున్నవాడికి, రేపు యాక్సిడెంట్ అయిన రోజున క్లెయిమ్ రాకపోతే ఆ మిగిలింది దేనికీ చాలదు.

మీ పాయింట్లు తీసేస్తామని ప్రకటనలు కనిపిస్తుంటాయి. రికార్డులో ఉన్నదాన్ని తీసే అధికారం ఆ రికార్డు పెట్టినవాళ్ళకి తప్ప ఎవరికీ లేదు. చలానా బాకీ ఉందంటూ లింకుతో మెసేజ్ వస్తే, ఆ లింకు నొక్కకండి. ఆఫీసు సైటు మీరే తెరిచి చూసుకోండి. అడ్రసు మారితే లైసెన్సులో వెంటనే మార్పించండి. నేను చూసిన సస్పెన్షన్లలో చాలావాటికి మూలం స్పీడు కాదు, పాత ఇంటి తలుపు కింద పడి ఉన్న ఒక కవరు.

హద్దు దగ్గరికొచ్చేసినవాళ్ళ సంగతి. అక్కడ కూడా అడగడానికి కొంత ఉంటుంది. న్యూ సౌత్ వేల్స్‌లో పూర్తి లైసెన్సు ఉన్నవాళ్ళు హద్దు దాటితే సస్పెన్షన్‌కి బదులు పన్నెండు నెలలు సత్ప్రవర్తన కాలం కోరుకోవచ్చు. ఆ పన్నెండు నెలల్లో 2 పాయింట్లు పడితే మాత్రం సస్పెన్షన్ రెట్టింపు. ఇది జూదం లాంటిది. రోజూ దూరాలు నడిపేవాళ్ళు ఇది కోరుకునే ముందు తమ గురించి తాము నిజం చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 12 అయితే మామూలుగా కనీసం ఆరు నెలల నిషేధం. దానివల్ల అసాధారణమైన కష్టం వస్తుందని కోర్టుని ఒప్పించగలిగితే తప్పించుకునే వీలుంది. ఆఫీసుకి బస్సులో వెళ్ళాల్సి వస్తుందనేది అసాధారణమైన కష్టం కిందకి రాదు. నామీద ఆధారపడ్డ ముసలి తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనొక్కణ్ణే, కాగితాలివిగో అంటే వింటారు.

ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పమ్మా.

(శ్రోత: వేరే దేశంలో అద్దె కారు నడిపితే పడిన పాయింట్లు మన లైసెన్సుకి వస్తాయా?)

జరిమానా మాత్రం వెతుక్కుంటూ వస్తుందమ్మా. అద్దె కారు కంపెనీ మీ పేరు, అడ్రసు ఇచ్చేసి, ఇచ్చినందుకు చార్జీ కూడా మీ కార్డు మీదే వేస్తుంది. పాయింట్లు సాధారణంగా దేశం దాటి మీ లైసెన్సు మీదకి రావు. కానీ మీరు వెళ్ళిన చోట ఉండిపోవచ్చు. బ్రిటన్‌లో, అక్కడి లైసెన్సు లేనివాళ్ళకి కూడా ఒక డ్రైవర్ రికార్డు తెరిచి అందులో రాసుకుంటారు. రేపు మీరు అక్కడ లైసెన్సు తీసుకుంటే అది మీకంటే ముందే అక్కడ కూర్చుని ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒకదానికొకటి చెప్పుకుంటాయి, కానీ విని ఏం చేస్తాయన్నది రాష్ట్రం రాష్ట్రానికీ వేరు. న్యూయార్క్ అయితే బయటి రాష్ట్రాల్లో చేసిన తప్పులకి పాయింట్లు వేయదు, కెనడాలోని ఒంటారియో, క్విబెక్‌లలో చేసినవాటికి వేస్తుంది. ఎందుకంటే వాళ్ళతో ఒప్పందం ఉంది.

ఆ చివర, మీరు చెప్పండి బాబాయ్ గారూ.

(శ్రోత: బండి నా పేరు మీదుంది. ఆ రోజు నడిపింది మా అబ్బాయి. వాడికి ఇప్పటికే పాయింట్లున్నాయి, నా లైసెన్సు ఖాళీ. ఫారంలో నేనే నడిపానని రాస్తే సరిపోతుందంటున్నారు. రాయమంటారా?)

(నవ్వులు) నవ్వకండి, ఇక్కడున్నవాళ్ళలో సగంమందికి ఇదే ప్రశ్న ఉంది, ఆయన ధైర్యంగా అడిగారు.

బాబాయ్ గారూ, మీకో కథ చెబుతాను, నిజంగా జరిగింది. 2003 మార్చిలో బ్రిటన్‌లో క్రిస్ హ్యూన్ అనే రాజకీయ నాయకుడి కారు స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం నుంచి వస్తూ మోటార్‌వే మీద కెమెరాకి చిక్కింది. ఆ పాయింట్లు పడితే ఆయన లైసెన్సు పోతుంది. అప్పటి ఆయన భార్య విక్కీ ప్రైస్, పేరున్న ఆర్థికవేత్త, నేనే నడిపానని చెప్పి 3 పాయింట్లు తన మీద వేసుకుంది. తర్వాత ఆయన మంత్రి అయ్యాడు. ఆ తర్వాత వాళ్ళు విడిపోయారు. 2011లో సంగతి పత్రికలకెక్కింది. 2012లో మంత్రి పదవి పోయింది. 2013లో ఎంపీ పదవి పోయింది. అదే ఏడాది మార్చిలో కోర్టు ఇద్దరికీ చెరో ఎనిమిది నెలల జైలు వేసింది. పాయింట్లు తీసుకున్నందుకు కాదు, న్యాయప్రక్రియని దారి తప్పించినందుకు. ఇంకా చెప్పాలంటే, ఆ 2003లోనే కొన్ని నెలలకి ఆయన డ్రైవింగ్ చేస్తూ ఫోన్ మాట్లాడి దొరికి, ఎలాగూ నిషేధంలో పడ్డాడు.

మరి ఏమీ రాయకుండా ఊరుకుంటే? అక్కడే, నడిపింది ఎవరో చెప్పమని వచ్చిన నోటీసుకి 28 రోజుల్లో జవాబివ్వకపోతే బండి ఓనరుకి 6 పాయింట్లు. స్పీడుకి మూడైతే, మౌనానికి ఆరు.

మీ అబ్బాయికి ఎన్నున్నాయి బాబాయ్ గారూ? ఎప్పుడు పడ్డాయి? తేదీలు తెలియవా. ఇంటికెళ్ళి వాడి చేత రికార్డు తీయించండి. అందులో పాతది లెక్కలోంచి పోయే రోజు దగ్గర్లో ఉందేమో, తరగతికి అర్హత ఉందేమో చూడండి. ఆ కాగితం పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం. ఫారంలో మాత్రం వాడి పేరే రాయండి.